అరచాటు కొలతలు

గది చీకటి చేసి, ఫోకస్ కాస్త తప్పించి, వీపు మీద గుడ్డి వెలుతురు పడేసి, కింద "సందిగ్ధం" అని పేరు పెట్టిన ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్ నిండా ఉన్నాయి. అది సందిగ్ధం కాదు, మసక. ఈ రెంటినీ ఒకటే అనుకోవడంతోనే శృంగార ఛాయాచిత్రాల్లో సగం పని చెడుతోంది. మసకలో ఏ అర్థమూ నిలవదు. సందిగ్ధంలో రెండు నిలుస్తాయి, రెండూ పూర్తిగా. తెలుగు చదువుకున్నవాళ్లకి ఇదేం కొత్త సంగతి కాదు, దీన్నే మనం శ్లేష అంటాం. ఒకే పద్యంలో రాముడి కథా పాండవుల కథా నడిపిన కవి ఊరికే అస్పష్టంగా రాసి ఊరుకోలేదు. ఎటు అన్వయించినా కుదిరేలా అక్షరం అక్షరం కొలిచి పెట్టాడు. పదం విరిచే చోట తేడా వస్తే ఒక కథ కూలిపోతుంది. కెమెరా శ్లేషకీ అలాంటి విరుపు ఉంటుంది. కాకపోతే అది బొడ్డు దగ్గరో, కాలిగోరు దగ్గరో, దుప్పటి అంచు దగ్గరో ఉంటుంది.

కవిత్వం ఎలా ఉండాలో చెప్పే పాత చాటుపద్యం ఒకటి ఆంధ్ర వనిత పైట దాకా వెళ్తుంది. మొత్తం దాచిన ఘూర్జర స్త్రీలా కాదు, మొత్తం తెరిచిన ద్రావిడ స్త్రీలా కాదు, అరచాటుగా ఉండాలంటుంది. అందులో మగచూపూ ఉంది, పొరుగువాళ్ల మీద చురకా ఉంది, ఆ రెండూ పక్కన పెట్టేయొచ్చు. "అరచాటు" అనే మాటను మాత్రం పారేయలేం. ఈ పనికి ఇంతకంటే సరైన మాట లేదు. అర అంటే సగం. సగం అన్నాక కొలత ఉండాలి కదా.

తేలికైన శ్లేషతో మొదలుపెడదాం. ఒంటి గీత ఇంకో వస్తువులా కనబడటం. పక్కకు తిరిగి పడుకున్న మనిషిని వీపు వైపు నుంచి, నడుము పల్లం, తుంటి ఎత్తు మాత్రమే వచ్చేలా తీస్తే నెల్లూరు దగ్గరి మైపాడు ఒడ్డున పొద్దుగూకేవేళ ఇసుకతిన్నె అయిపోతుంది. కెమెరా ఒంటి ఎత్తులోనే ఉండాలి. పైనుంచి చూస్తే దిగంతం పోతుంది, మంచం కనబడుతుంది. దూరం ఎనిమిది అడుగులు, లెన్స్ 85 మి.మీ. దాపుల్లో. ఫోన్ అయితే మామూలు కెమెరాతో దగ్గరికి పోవద్దు. అది 24–26 మి.మీ.తో సమానం, దగ్గరున్న తుంటిని ఉబ్బించి దూరంగా ఉన్న భుజాన్ని పిల్లభుజం చేస్తుంది. రెండింతల జూమ్ పెట్టి వెనక్కి జరగండి. వెనకాల నల్ల వెల్వెట్, ఒంటికి కనీసం నాలుగైదు అడుగుల దూరంలో. నల్ల కాటన్ గుడ్డ కంటికి నల్లగానే ఉంటుంది గానీ వెలుతురు తగిలితే బూడిదరంగులోకి దిగుతుంది. అప్పుడు అది రాత్రి ఆకాశం కాదు, గోడకు కట్టిన గుడ్డ.

వెలుతురు ఒక్కటే ఉండాలి, అదీ చర్మాన్ని రాసుకుంటూ పోవాలి. కిటికీకి రెండు నల్ల చార్టులు అతికించి మధ్యలో నాలుగు అంగుళాల నిలువు సందు వదిలితే చాలు, వేల రూపాయల లైటు చేసే పని చేస్తుంది. సందు మనిషికి అవతల, కెమెరాకు కాస్త ఎదురుపక్కన ఉండాలి. కెమెరా వైపు నుంచి వచ్చే వెలుతురు ఒంపుల్ని చదును చేస్తుంది. ఇక అపర్చర్, అంటే లెన్స్ తెరుచుకునే రంధ్రం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. దాన్ని బాగా తెరిచి, ఎఫ్/1.8 పెట్టి వెనకంతా కరిగించేస్తారు. శ్లేష నిలవాలంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా స్పష్టంగా ఉండాలి, అంటే రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8 నుంచి ఎఫ్/11. నిజం ఇసుకతిన్నెను దూరం నుంచి తీస్తే ఎక్కడా మసక ఉండదు మరి. వెలుతురు చాలక షట్టర్ అర సెకనుకు పడిపోతే ఊపిరికి పక్కటెముకలు కదిలి గీత రెండుగా పడుతుంది. ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకు సెన్సర్ స్పందన, 1600కో 3200కో పెంచి 1/60 దగ్గర ఉండండి. అదీ కుదరకపోతే ఊపిరి వదిలాక ఒళ్ళు నిలిచే ఆ రెండు క్షణాల్లో నొక్కాలి. పీల్చి బిగబట్టమంటే భుజాలు లేస్తాయి, పొట్ట బిగుస్తుంది, తిన్నె మళ్ళీ మనిషైపోతుంది.

బొడ్డు, గోరు, వేలు, జడ, పుట్టుమచ్చ. ఇవన్నీ కొలబద్దలే. ఏ ఒక్కటి కనబడినా కన్ను వెంటనే పరిమాణం లెక్కేస్తుంది. అలాగని అన్నీ తుడిచేసినా తప్పే. అప్పుడు మిగిలేది ఒట్టి ఇసుక, శృంగారం ఉండదు. ఒక్కటి వదలాలి, ఆలస్యంగా దొరికేది. వెనక వెలుతురు తగిలి మెరిసే నడుము నూగు చాలు. వెన్నుపూసల్లో ఒక్క కణుపు అయినా చాలు. 1924లో అమెరికన్ కళాకారుడు మన్ రే తీసిన వయొలిన్ వీపు చిత్రం చూడండి. వీపు మీద రెండు వయొలిన్ రంధ్రాలు ఫొటో మీద తర్వాత చేర్చినవే. అవి కాదు దాన్ని నిలబెట్టింది, చేతులు. రెండు చేతులూ ముందుకు పెట్టించి కనబడకుండా చేశాడు. మోచేయి ఒక్కటి బయటికొచ్చినా వాయిద్యం ఉండదు. తలపాగా, చెవిపోగు మాత్రం వదిలాడు. వాటి వల్ల మనిషి పోలేదు.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ దీన్నే తిరగేశాడు. 1930లో ఒక పెద్ద మిరపకాయను, మనం బెంగుళూరు మిరపకాయ అంటామే దాన్ని, తగరపు గరాటులో పెట్టి తీస్తే అది ముడుచుకున్న వీపులా వచ్చింది. గరాటు లోపలి గోడ వెలుతురును నలువైపుల నుంచి మెత్తగా తిప్పి పంపింది. చిన్న అపర్చర్ కాబట్టి ఎక్స్‌పోజర్ నిమిషాల్లోకి పోయింది. కాయ ఊపిరి పీల్చదు, అదొక సుఖం. మోడల్‌ను పిలిచే ముందు వెలుతురు నేర్చుకోవాలంటే ఇదే దారి. వేసవిలో ఉలవపాడు బంగినపల్లి ఒకటి తెచ్చి నల్లగుడ్డ మీద పెట్టి ఆ నాలుగు అంగుళాల సందు ముందు తిప్పండి. తొక్క మీది చుక్కలు చర్మరంధ్రాల్లా తేలే కోణం ఒకటి ఉంటుంది. అదే కోణం రేపు వీపు మీద పనిచేస్తుంది. పండు తర్వాత తినేయొచ్చు.

మన ఇళ్ళ కిటికీల లెక్క వేరు, ఉత్తర దేశాల పుస్తకాల్లో రాసింది ఇక్కడ కుదరదు. నెల్లూరు దాదాపు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. దక్షిణం కిటికీ పైఅంచు ఏడడుగుల ఎత్తులో ఉంటే ఎండ నేల మీద ఐదున్నర అడుగుల దాకా లోపలికి వస్తుంది. సజ్జ అడుగున్నర ముందుకుంటే నాలుగడుగులే. జూన్ నాటికి సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి 9 డిగ్రీలు ఒరుగుతాడు, ఇక ఆ కిటికీలోకి నేరుగా ఎండే రాదు. ఊచల నీడ ఒంటి మీద చారలుగా పడాలనుకునేవాళ్లు నవంబరు–జనవరి మధ్య దక్షిణం కిటికీని, మిగతా నెలల్లో పొద్దున తొమ్మిది లోపు తూర్పు కిటికీని నమ్ముకోవాలి. మే నెల మధ్యాహ్నం దక్షిణం గదిలో ఆ చారల కోసం ఎదురుచూడటం దండగ. చెమట ఒక్కటే దక్కుతుంది.

ఇంకో పీడ గోడల రంగు. పది బై పన్నెండు అడుగుల గది, చిలకాకుపచ్చ గోడలు. ఆ పచ్చదనం నడుము నీడలోకి పాకి చర్మం కమిలినట్టు కనబడుతుంది. గోడకి తెల్ల దుప్పటి కట్టండి, లేదా నలుపు-తెలుపులోకి మార్చండి. మార్చేటప్పుడు ఎరుపు ఛానెల్ పెంచితే చర్మం వెలిగి మచ్చలు తగ్గుతాయి, ఆకుపచ్చ పెంచితే ప్రతి మచ్చా పైకొస్తుంది. ఏది కావాలన్నది మీ ఇష్టం గానీ, పాలరాయి చర్మం చేసేశాక అందులో మనిషి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. ఎల్‌ఈడీ బల్బులతో తీస్తుంటే షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్, వేరే వేగంలో అడ్డచారలు పడొచ్చు.

తెర వెనక నీడ. ఇది మనకు పుట్టుకతో తెలిసిన విద్య. తోలుబొమ్మలాటలో బొమ్మను తెరకు ఆనిస్తే గీత పదునుగా ఉంటుంది, వెనక్కి లాగితే పెద్దదై అలుక్కుపోతుంది. లెక్క ఇది: దీపం వెడల్పును ఒంటికీ తెరకూ మధ్య దూరంతో హెచ్చవేసి, దీపానికీ ఒంటికీ మధ్య దూరంతో భాగిస్తే నీడ అంచు ఎంత అలుక్కుంటుందో వస్తుంది. 5 సెం.మీ. బల్బు ఒంటికి రెండు మీటర్ల దూరంలో ఉండి, ఒళ్ళు తెరకు 10 సెం.మీ.లో ఉంటే అలుకు పావు సెంటీమీటరు, అంటే కత్తితో కోసినట్టు. బల్బుకీ ఒంటికీ మధ్య దూరం మార్చకుండా తెరకు అరమీటరు దూరంలోకి జరిగితే సెంటీమీటరు పైన, నీడ నాలుగో వంతు పెద్దదవుతుంది. బల్బు ఉన్న చోటే 60 సెం.మీ. సాఫ్ట్‌బాక్స్, అంటే గుడ్డ తొడిగిన వెడల్పాటి లైటు, పెడితే అలుకు 15 సెం.మీ., మనిషో మబ్బో తెలియదు. అరచాటు ఈ మధ్యలో ఉంది. ఒంట్లో ఒక భాగం తెరకు ఆని, మిగతాది వెనక్కి పోవాలి. అరచేయి తెరను తాకుతూ వేలిగీతల దాకా కనబడుతుంటే, భుజం నుంచి వెనకంతా కరిగిపోతుంది. తెరను తోస్తోందా, తెర వెనక దాక్కుంటోందా అన్న రెండు ప్రశ్నలూ ఆ అరచేతిలోనే పుడతాయి.

తెరకి పాతబడిన మల్లు పంచె మేలు. కొత్తదానికి గంజి ఉండి ముడతలు పలకల్లా నిలుస్తాయి. వెంకటగిరి చీర కట్టి తీసేవాళ్లకీ ఇదే మాట. వందో నంబరు నూలు, అంటే చాలా సన్నటి పోగు, వెనక వెలుతురుకు గాజులా పనిచేస్తుంది, కానీ కొత్త చీర గంజితో ఒంటికి ఎడంగా నిలబడుతుంది. రెండు ఉతుకులు పడ్డాకే ఒంటిని వింటుంది. ఇంకోటి గమనించండి. వెలుతురు వెనక నుంచి వస్తే జరీ మెరవదు, నల్లటి పట్టీ అయిపోతుంది. నేతలోనే తీసిన జాందానీ బుటా కూడా అంతే. ముందు నుంచి అలంకారమైనదే వెనక నుంచి అడ్డుతెర. ఆ అంచు ఎక్కడ పడాలో నిర్ణయిస్తే ఏది దాగాలో నిర్ణయించినట్టే. ఎక్స్‌పోజర్ చీర మీద కొలిచి ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపు) పెంచండి, లేకపోతే కెమెరా తెల్లచీరను బూడిద చేస్తుంది.

తడిపితే? నూలు పోగుల మధ్య గాలి పోయి నీళ్ళు చేరతాయి. గాలికీ నూలుకూ మధ్య చెదిరినంతగా వెలుతురు నీటికీ నూలుకూ మధ్య చెదరదు, అందుకే తడిగుడ్డ పారదర్శకమవుతుంది. సినిమా వానపాట పుణ్యాన తడిచీర మొత్తానికి ఒకే అర్థం మిగిలింది. చూడగానే పాట మొదలవుతుంది. అరచేతి మేర తడపండి, అంతే. చెమటా, నీళ్ళా, కన్నీళ్ళా అని అప్పుడు ఆలోచిస్తారు. చర్మం మీద చుక్కలు నిలవాలంటే గ్లిజరిన్ సగం, నీళ్ళు సగం కలిపి స్ప్రే సీసాతో కొట్టాలి. ఒట్టి నీళ్ళు ఫ్యాను గాలికి క్షణాల్లో పోతాయి. గ్లిజరిన్ అంటిన చీర మాత్రం అదే పూట ఉతకాలి, దుమ్మంతా పట్టేస్తుంది.

ఇక వస్తువులు. సమయం తెలియని ఫొటోలో, అంటే ముందా తర్వాతా తేలని ఫొటోలో, మల్లెపూలు గడియారంలా పనిచేస్తాయి. సాయంత్రం నాలుగింటికి కొన్న మూర మొగ్గలుగా ఉంటుంది, రాత్రికి విచ్చుతుంది, తెల్లారేసరికి అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. నలిగిన చోట ఇంకా ముందే. తెలుగు కన్ను దీన్ని అక్షరాల్లా చదువుతుంది. మొగ్గలైతే ఎదురుచూపు, వాడినవైతే గడిచిపోయింది. రెండూ కాకుండా ఉండాలంటే ఒకే మాలలో రెండు వయసులు కలపాలి. సగం మాలను తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో ఉంచి, సగం బయట వదిలి, తీసే ముందు రెండు ముక్కలూ ముడేయండి. విచ్చిన వైపు దిండు మీద, మొగ్గల వైపు జడలో. ఎవరికీ వెంటనే తెలియదు, లెక్క మాత్రం కుదరదు. ఆ కుదరకపోవడమే మనకు కావాలి. తెల్లపూలు తేలిగ్గా తెలుపెక్కి రేకులు మాయమవుతాయి, ఎక్స్‌పోజర్ మూడో వంతు స్టాప్ తగ్గించాలి.

పాలగ్లాసు, ఆపిల్ పళ్ళు, అగరుబత్తి పొగ జోలికి పోకండి. శోభనం సీనుకు తప్ప వాటికి వేరే అర్థం లేదు. పగిలిన చేతిగాజుల ముక్కలు అంతకంటే ప్రమాదం. వేరే దేశంలో అవి కవిత్వం కావచ్చు, ఇక్కడ బలవంతమో వైధవ్యమో. ఒకసారి ఆ అర్థం వచ్చాక మిగతా ఫొటో అంతా దాని కిందికి పోతుంది. కాలి మెట్టె ఇంకా సూక్ష్మం. మెట్టె కనబడితే పెళ్ళైంది, కనబడకపోతే కాలేదు, రెండూ మూసిన తలుపులే. మెట్టె తీసిన వేలి మీద ఉండే లేత వలయం, పక్క చర్మం కంటే కాస్త పాలిపోయి, కాస్త నొక్కుకుపోయి ఉంటుందే, దాన్ని పక్క వెలుతురులో పదునుగా తీస్తే ఆ ఒక్క వేలు మీద నవలంత అనుమానం. తీసిందా, తీయాల్సి వచ్చిందా, అరిగిందని బాగుచేయించడానికి ఇచ్చిందా?

అద్దం గురించి క్లుప్తంగా. బీరువా అద్దం అందరింట్లో ఉంది, అందరూ తీస్తారు, ఎక్కువమంది ఫోకస్ అద్దం చట్రం మీద పెడతారు. ప్రతిబింబం దూరం అంటే మీ నుంచి అద్దం దాకా, అద్దం నుంచి మనిషి దాకా కలిపిన దూరం. ఫోకస్ అక్కడ ఉండాలి. మరీ ఏటవాలుగా చూస్తే గాజు పైతలం మీద రెండో పల్చటి బింబం వస్తుంది, దాన్ని కొందరు కావాలని వాడతారు, బాగానే ఉంటుంది.

ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మీద పడుకోబెట్టి తీయడం మా వైపు వాళ్లకే దక్కిన సౌకర్యం. నల్లరాయి ప్రతిబింబాన్ని చీకటిగా ఇస్తుంది, అందులోని బంగారు చుక్కలు నక్షత్రాలవుతాయి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 20 మి.మీ. మందం పలక సుమారు 65 కిలోలు తూగుతుంది. ఇద్దరు లేనిదే ఎత్తొద్దు. కెమెరా బాగా కిందికి దించితే ప్రతిబింబం బలంగా ఉంటుంది. రాతి నుంచి 33–35 డిగ్రీల ఎత్తులో లెన్స్‌కు బిగించిన పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే అది దాదాపు మాయమవుతుంది. ఒళ్ళు రెండుగా కావాలా ఒకటిగా కావాలా అన్నది ఒక్క తిప్పులో ఉంది. చుక్కలు ఫోకస్‌లో ఉంటే నక్షత్రాలు, కొద్దిగా తప్పితే దుమ్ము. రాయి చల్లగా ఉంటుంది. రోమాలు నిక్కబొడుచుకోవడం ఫొటోకి అందమే గానీ పడుకున్న మనిషికి కాదు. ఐదు నిమిషాలకోసారి లేపండి.

ఒంటి తయారీలో అందరూ మరిచేది లంగా నాడా. రోజంతా కట్టిన నాడా నడుము చుట్టూ వదిలే గాడి గంటకి పైగా పోదు, లోదుస్తుల ఎలాస్టిక్ గీతలూ అంతే. తీయబోయే రెండు గంటల ముందు నుంచి వదులు నైటీలో ఉండమని ముందురోజే చెప్పాలి. తర్వాత కంప్యూటర్లో తుడుద్దామంటే నడుము ఒంపు కూడా తుడుచుకుపోతుంది.

ఎవరు ఎవరికి ఏం ఒప్పుకున్నారన్నదాంట్లో మాత్రం అరచాటు పనికిరాదు. అది మొత్తం వెలుతురులో ఉండాలి. 18 దాటినట్టు గుర్తింపు కార్డు చూడాలి. ఏ భాగాలు కనబడతాయి, ముఖం ఉంటుందా, ఎక్కడ చూపిస్తారు, ఎన్నాళ్ళు, వద్దంటే ఎలా తీసేస్తారు, ఇవి తెలుగులో ఒక పేజీ రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి. మోడల్‌కు తోడుగా ఆమెకు నమ్మకమైన మనిషి గదిలో ఉండాలి. భంగిమ సరిచేయడానికి చేయి వేయకూడదు, మీ ఒంటి మీద చూపించి చెప్పాలి. ఫోన్‌తో తీస్తే క్లౌడ్ బ్యాకప్ ముందే ఆపండి, పంపే ముందు లొకేషన్ సమాచారం తీసేయండి.

చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి అశ్లీల చిత్రాల మీద ఉన్న పాత ఐపీసీ 292 స్థానంలో భారతీయ న్యాయ సంహిత 294 వచ్చింది, నెట్‌లో పెడితే ఐటీ చట్టం 67, 67ఏ సెక్షన్లు అదనం. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు ఏది అశ్లీలమో తేల్చే పాత ఇంగ్లీషు కొలబద్దను పక్కన పెట్టి, చిత్రాన్ని దాని సందర్భంతో కలిపి, ఆనాటి సమాజపు ప్రమాణాలతో చూడాలంది. కేసులోని ఫొటో టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, ఆయనకు కాబోయే భార్య నగ్నంగా ఉన్నది, తీసింది ఆమె తండ్రి. వర్ణవివక్షకు ఎదురుగా చెప్పిన మాటగా కోర్టు దాన్ని చదివింది. దానర్థం మైపాడులోనో కొత్తపట్నంలోనో ఒడ్డున మోడల్‌ను నిలబెట్టొచ్చని కాదు. బహిరంగ స్థలంలో అశ్లీలం అనే మాటకు సంహితలో 296 వేరే ఉంది, చుట్టూ చేరే ఫోన్లు ఇంకా వేరే. ఇసుకతిన్నె గదిలోనే కట్టుకోండి, పైన చెప్పిన కొలతలు అందుకే.

అన్నీ అయ్యాక ఒక ఫొటో నిలిచిందో లేదో చూడటానికి మోడల్ ఒప్పుకుంటే, ఒప్పుకున్నవాళ్లకే, పేరు పెట్టకుండా ఇద్దరికి విడివిడిగా చూపించి, దీనికి ఒక్క నిమిషం ముందు ఏం జరిగి ఉంటుందని అడగండి. ఇద్దరూ ఒకటే చెబితే మీ శ్లేష విరిగింది. ఇద్దరూ ఏమీ చెప్పలేకపోతే మీరు తీసింది మసక. వేర్వేరుగా చెప్పి, ఇద్దరూ ఫొటోలో వేలుపెట్టి ఆధారం చూపిస్తే ఉంచుకోండి. వాళ్లు ఇవేవీ కాకుండా "ఇది ఫలానా వాళ్ల ఇల్లు కదూ?" అన్నారంటే మాత్రం ఫొటో పక్కన పెట్టి కిటికీ వైపు చూడండి. మన ఊళ్లలో ఊచల డిజైన్ చూసి ఎవరిల్లో చెప్పేస్తారు.